తాడు అందని మూల

కార్మికుల క్వార్టర్లు,
చివరి గది

చిన్నోడికి,

మీ వదిన రాస్తున్నది. చేతిలో ఫోను పెట్టుకుని ఈ కాగితాల గోలేమిటి అనుకుంటావు. మాకున్నది ఒక్క గది, అందులో మంచం మీద మీ అన్న. నేను ఫోన్లో ఏం మాట్లాడినా ఆయన చెవిన పడుతుంది. గోడవైపు తిరిగి గుసగుసలాడితే ఇంకా చెవులు రిక్కించి వింటాడు. మాట పోయింది గానీ వినికిడి పోలేదు. అందుకే క్యాంటీన్‌లో గిన్నెలు కడగడం అయ్యాక ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని రాస్తున్నాను. నువ్వూ ఫోను చెయ్యకు. క్యాంటీన్ చిరునామాకి ఉత్తరమే రాయి.

ఉన్న సంగతి చెబుతాను. ఆయన పరంజా మీద నుంచి పడ్డప్పుడు ప్రాణం దక్కడమే గొప్ప అన్నారు. సరే, దక్కింది. మెడ కింద ఎడమచేతి బొటనవేలు తప్ప ఏదీ కదలదు. ఆ వేలు నా అరచేతిలో పెట్టుకుని అడుగుతాను. అవునంటే ఒకసారి నొక్కుతాడు, కాదంటే రెండుసార్లు. మంచినీళ్ళు కావాలా, పక్కకి తిప్పనా, ఫ్యాను ఆపనా. ఇదీ ఇప్పుడు మా సంసారం.

కంపెనీ తరఫున ఒకావిడ వచ్చి వ్యాయామం చేయిస్తోంది. బొటనవేలు వచ్చిందంటే మిగతా వేళ్ళు కూడా రావచ్చంటుంది. మధ్యలో ఆపితే మాత్రం వచ్చింది కూడా పోతుందట. ఇప్పుడు ఆపేలా ఉన్నారు చిన్నోడా. మీ అన్న పడ్డప్పుడు నడుముకి కట్టుకునే బెల్టు హుక్కు, పడకుండా పట్టే తాడుకి లేదట, నడుం దగ్గరే వేలాడుతోందట. తనంతట తానే తీసుకున్నాడు కాబట్టి తప్పు తనదే అని సేఫ్టీ ఆఫీసరు రాసుకున్నాడు. నెలాఖరుకి పైవాళ్ళు కూడా సరే అంటే ఆవిడ రావడం మానేస్తుంది, మేం గది ఖాళీ చెయ్యాలి.

మీ అన్న ఎలాంటివాడో నీకు చెప్పాలా? చెక్క మీద కాలు పెట్టేముందు మడమతో రెండుసార్లు తట్టి చూడందే అడుగు వెయ్యడు. సైటంతా టకటక మేస్త్రి అని పిలిచేది అందుకేగా. మంచం దిగేముందు నేలని కూడా తట్టి చూస్తాడని నువ్వే ఎగతాళి చేసేవాడివి. ఆ మనిషి అంత ఎత్తున హుక్కు తీస్తాడా? నేను చచ్చినా నమ్మను.

ఆ భవనాన్ని కంప్యూటర్లో కట్టే ఆఫీసులోనే కదా నువ్వు పనిచేసేది. ఏదో ఒకటి వెతుకు. కాళ్ళావేళ్ళా పడైనా అడుగు. నాకు ఇంకెవరున్నారు చెప్పు.

మీ వదిన

•

ఆఫీసు వెనక అద్దె గది

వదినకి,

నీ ఉత్తరం కవరు చింపగానే ఉల్లిపాయల వాసన గుప్పుమంది. కళ్ళలో నీళ్ళు అందుకేనని నా గదిలో ఉండే అతనికి చెప్పాను. నమ్మినట్టే ఉన్నాడు.

నువ్వు అడిగినది మర్చిపోను. క్రేను మీద ఒక కెమెరా ఉంటుంది, ఆ రోజుది ఏమైనా దొరుకుతుందేమో చూస్తాను. కానీ వదినా, పూర్తిగా దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోకు. మనం అనుకున్నది ఒకటి, బయటపడేది ఇంకొకటి కావచ్చు.

నా పని ఎలా ఉందని నువ్వు అడగలేదు గానీ చెబుతాను. భవనం మొత్తం కంప్యూటర్లో కట్టేశాం. ప్రతి స్తంభం, ప్రతి పైపు, ప్రతి చెక్క. కళ్ళకి ఒక పెట్టె లాంటిది కట్టుకుంటే చాలు, నువ్వు నేల మీద నిలబడే పదిహేనో అంతస్తులో ఉంటావు. కిందికి చూస్తే నేల ఎక్కడో ఉంటుంది. మా మేనేజరు మొదటిసారి కట్టుకుని కుర్చీ పట్టుకుని కూర్చుండిపోయాడు, లేపడానికి ఇద్దరం కావలసి వచ్చింది. ఇది ఆటకి కాదు. పనివాళ్ళు నిజంగా పడకుండా, ఎక్కడ ఏం చేస్తే పడతారో ముందే చూపించడానికి. త్వరలో మీ సైటుకీ వస్తుంది. ఇప్పుడు దానికి ఒక శిక్షణ పాఠం తయారుచేస్తున్నాను. పనెక్కువై ఈ వారం కూడా రాలేకపోతున్నాను.

అన్నయ్యకి నా గురించి ఏదైనా మంచిమాట చెప్పు. నేను లావయ్యానని చెప్పు, సంతోషిస్తాడు.

చిన్నోడు

•

క్యాంటీన్

మరిదిగారికి,

మీరు పంపిన శిక్షణ పాఠం చేరింది. మా క్యాంటీన్ పక్క షెడ్డులోనే పెట్టారు. పది మంది చొప్పున లోపలికి తీసుకెళ్ళి, కళ్ళకి పెట్టెలు కట్టి, చూపించి, నేరుగా భోజనానికి నా దగ్గరికే పంపుతున్నారు.

మొదటి రోజు నాకేమీ అర్థం కాలేదు. రోజూ గరిటె లాక్కుని మరీ ఇంకొంచెం వేసుకునే మనుషులు పళ్ళెం చాపి నేలచూపులు చూస్తున్నారు. ఒకరూ నా మొహం చూడరు. రాడ్లు కట్టే మేస్త్రి అయితే వడ్డించింది ముట్టుకోకుండా వదిలేసి లేచాడు. అన్నం బాగాలేదా అని వెంటపడి అడిగాను. అతను గుమ్మం దగ్గర ఆగి చెప్పాడు.

"లోపల అన్నని చూశాం అక్కా. మొహం లేదు గానీ అన్నే. కుడి భుజం వాల్చి నడుస్తాడు, చెక్కని మడమతో రెండుసార్లు తడతాడు. తర్వాత ఊరికే హుక్కు తీసేసి పడిపోతాడు."

తయారుచేసింది ఎవరని అడిగితే, టకటక మేస్త్రి తమ్ముడేనట అన్నాడు. అందరికీ తెలుసట. నాకే తెలియదు.

మంచం మీద పడి ఉన్న మనిషిని లేపి తీసుకొచ్చి, రోజూ పది మంది చొప్పున అందరి ముందూ తోస్తున్నారు మీరు. పడేదొక్కటే అయితే ఓర్చుకుందును. మతిలేని వాడిలా పడేస్తున్నారు. ఇలా చెయ్యకూడదురా అని చూపించడానికి మీకు మీ అన్నే దొరికాడు.

ఇంకో సంగతి. ఎవరో పరామర్శకి వచ్చి ఆయన ముందే ఇదంతా చెప్పేశారు. ఆ సాయంత్రం నుంచి వేలు నొక్కడం లేదు. మంచినీళ్ళు కావాలా అని అడిగినా కళ్ళు మూసుకుంటున్నాడు. వ్యాయామం చేయించే ఆవిడ ఈయన పట్టుదల వదిలేశాడంటోంది.

మీరు వెతుకుతారని చెప్పి పోస్టు కోసం గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నన్ను చూసి నాకే నవ్వొస్తోంది.

ఇట్లు,
మీ అన్నగారి భార్య

•

అద్దె గది

వదినా,

నువ్వు నన్ను మీరు అన్నావు. చెంప మీద కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

తయారుచేసింది నేనే. ఎవరూ నా నెత్తిన రుద్దలేదు, నేనే అడిగి తీసుకున్నాను. సేఫ్టీ ఆఫీసరు రాసింది మా ఆఫీసుకి వచ్చింది, ఈ ప్రమాదాన్నే పాఠంగా చెయ్యండి అని. నా పక్క సీట్లో అతను తీసుకోబోయాడు. తాగి తూలుతున్న వాడిలా పెడితే బాగా ఎక్కుతుంది అన్నాడు. నా ఒళ్ళు మండిపోయి, నాకివ్వండి అన్నాను. ఎవరో ఒకరు చెయ్యక తప్పదు కదా, నా చేతిలో ఉంటే మర్యాదగానైనా ఉంటుందనుకున్నాను.

బొమ్మకి నడక కావాలి. మా దగ్గర తయారుగా ఉన్న నడకలన్నీ కొయ్యమనుషుల్లా ఉన్నాయి. మీరు గది మారిన రోజు నేను తీసిన వీడియో గుర్తుందా, అన్నయ్య మంచం భుజాన పెట్టుకుని వస్తాడు, నువ్వు వెనకనుంచి గోడ గోడ అని కేకేస్తుంటావు. అందులోంచి ఆ నడక తీసి పెట్టాను. మొహం పెట్టలేదు కాబట్టి ఎవరూ గుర్తుపట్టరనుకున్నాను. నిజం చెప్పనా, అన్నయ్య నడుస్తుంటే చూడాలనిపించింది. నీకు మంచం మీద మనిషైనా ఉన్నాడు. నాకు ఆ నడకే లేకుండా పోయింది. తట్టడం పెట్టినప్పుడైతే ఆ ఒక్క ముక్కనే తిప్పి తిప్పి చూసుకుంటూ కూర్చున్నాను. సైటులో అందరూ ఆయన్ని గుర్తుపట్టేది ఆ తట్టుతోనే అని నా మట్టిబుర్రకి తట్టనే లేదు.

ఇప్పుడు అసలు మాట. దీన్ని దాచడానికే ఇన్నాళ్ళూ రాకుండా తప్పించుకున్నాను. క్రేను కెమెరాలో దొరికింది వదినా. దూరంగా ఉంది, మనిషి చీమంత ఉన్నాడు, కానీ కనిపిస్తోంది. అన్నయ్య తన చేత్తోనే హుక్కు తీశాడు. ఎన్నిసార్లు చూసినా అదే. తీసిన చెయ్యి కనిపించగానే ఆపేస్తాను, ఆ తర్వాత చూడలేను.

నిన్ను ఎలా ఓదార్చాలో నాకు తెలియడం లేదు. కావాలంటే ఆ తట్టడం తీసేస్తాను. అప్పుడు ఎవరో మనిషి అవుతాడు.

చిన్నోడు

•

క్యాంటీన్

చిన్నోడికి,

నువ్వు దాచిన మాట నాకు మొదటినుంచీ తెలుసు. నేను దాచింది నీకు తెలియదు, విను.

బొటనవేలు కదిలిన మొదటి రోజునే అడిగాను. నీళ్ళు కావాలా అని కాదు, హుక్కు నువ్వే తీశావా అని. ఒకసారి నొక్కాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ ఒకసారే. నమ్మనని నీకు రాసింది అబద్ధం. నమ్మాను. నమ్మినప్పటినుంచి ఆయన్ని తిట్టని రోజు లేదు. ఒళ్ళు తుడుస్తూ తిడతాను, పక్కకి తిప్పుతూ తిడతాను. పెళ్ళాం గుర్తుకు రాలేదా, అంత తొందరేం వచ్చింది, ఆ ఒక్క క్షణం ఓపిక పట్టలేకపోయావా అని. ఎదురు చెప్పలేని మనిషిని, చెవులు మూసుకోలేని మనిషిని. తిట్టి, బయటికొచ్చి, మీ అన్న అలాంటివాడు కాదని ఊరందరి మీదా కొట్లాడతాను. నీ పాఠం చూసి నీ మీద విరుచుకుపడ్డానే, ఎందుకో తెలుసా? నేను ఆయన్ని రోజూ అన్న మాటే నువ్వు బొమ్మ చేసి చూపించావు.

ఎందుకు తీశావు అని కూడా అడిగాను. వెయ్యిసార్లు అడిగాను. ఎందుకు అంటే బొటనవేలు ఏం చెబుతుంది? అవును, కాదు తప్ప దానికి మాటల్లేవు. నా అరచేతిలో అలా ఊరుకునేది. ఏడుపు మొహం పెట్టి నన్నే చూసేవాడు. ఇప్పుడు అదీ లేదు, కళ్ళు మూసుకున్నాడు.

నిన్న షెడ్డులో పెట్టెలు కట్టే అతన్ని బతిమాలి నేను కూడా ఆ పెట్టె కట్టుకున్నాను. కళ్ళ ముందే మీ అన్న నడిచాడు చిన్నోడా. ఆ వాలిన భుజం పట్టుకోబోయి ముందుకు పడబోయాను. చెక్కని తట్టాడు. ఒకటి, రెండు. అడుగేశాడు. తర్వాత మూల దగ్గర ఆగి, ఏమీ లేకుండా, ఎవరూ పిలవకుండా, హుక్కు తీసేశాడు.

అక్కడే నాకు మింగుడుపడలేదు. చెక్కని రెండుసార్లు తట్టే మనిషి ఊరికే తీస్తాడా? తీశాడు సరే. ఊరికే తీశాడని ఎవరు చెప్పారు? నువ్వే కదా పెట్టావు.

తట్టడం తియ్యకు. ఎవరో మనిషిని చెయ్యకు. ఎందుకో కనుక్కో. నెలాఖరు దగ్గరపడింది. ఇక్కడ నేను మనిషిని నోట్లో నీళ్ళు పోసి నిలబెడుతున్నాను, ఆ నీళ్ళు కూడా బయటికి వదిలేస్తున్నాడు. నాకు భయంగా ఉంది.

మీ వదిన

•

ఆఫీసు

వదినా,

తొందరగా రాస్తున్నాను, సాయంత్రం పోస్టు అందుకోవాలి.

నేను ఆ వీడియోలో అన్నయ్య చేతినే చూశాను, తాడుని చూడలేదు. హుక్కు తగిలించే తాడు ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో ప్లాను చూసి పాఠంలో పెట్టేశాను. ప్లానులో తాడు భవనం చుట్టూ ఒకే ముక్క. నీ ఉత్తరం చదివాక మళ్ళీ చూశాను, ఈసారి మొదటినుంచీ, తాడునే చూశాను. తీసేముందు అన్నయ్య ఏదో లాగుతున్నాడు. ఒకసారి, ఇంకోసారి. పెద్దది చేసి చూస్తే తాడు మూల స్తంభానికే ముడేసి ఉంది. అవతలికి లేనే లేదు. ప్లాను గీశాక సామాను పైకి చేర్చే లిఫ్టు అక్కడ బిగించారు, అడ్డొస్తోందని తాడు తెంపి స్తంభానికి కట్టేశారు. అవతలికి ఎవరూ మళ్ళీ వెయ్యలేదు. అన్నయ్య బిగించవలసిన పైపు అవతల ఉంది.

నా బొమ్మలోనూ తాడుని ఆ స్తంభం దగ్గరే తెంపి, పెట్టె నేనే కట్టుకుని, ఆ పైపు బిగించడానికి వెళ్ళాను. తెలిసి వెళ్ళాను వదినా. ఏమైనా సరే తియ్యకూడదని ఒట్టు పెట్టుకుని వెళ్ళాను. హుక్కు లాగింది, చెయ్యి చాపాను, అందలేదు. వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళాను. కింద వాళ్ళు ఎదురు చూస్తున్నారు, పైపు ఊగుతోంది. నా చెయ్యి నాకు తెలియకుండానే నడుం దగ్గరికి పోయింది. పడ్డాక నేల మీద అలాగే కూర్చున్నాను, ఎవరో వచ్చి పెట్టె విప్పారు.

మేనేజరుకి చెప్పాను. ప్లాను ప్రకారమే ఉంచు, సైటు తగాదాలు మనకెందుకు అన్నాడు. నేను ఉంచడం లేదు. నెలాఖరున మీ షెడ్డులో పెద్దవాళ్ళ ముందు ఈ పాఠం చూపిస్తారు. అక్కడ ఉండేది కొత్తది. అందులో అన్నయ్య ఉండడు, ఎవరూ ఉండరు. కట్టుకున్నవాడే మనిషి. తాడు నిజంగా ఎంత ఉందో అంతే ఉంటుంది. ఆ పైపు బిగించమని చెబుతుంది. హుక్కు తియ్యకుండా బిగించి చూపించనీ, ఎవరైనా సరే.

నా ఉద్యోగం సంగతి అడగకు.

ఇప్పుడు నీకు ఎలా అడగాలో తెలిసింది కదా. ఎందుకు అని కాదు. తాడు అందలేదా అని అడుగు.

చిన్నోడు

•

జనరల్ ఆసుపత్రి,
మగవాళ్ళ వార్డు

చిన్నోడా,

చిరునామా చూసి కంగారుపడకు. ఇద్దరం ఉన్నాం.

నీ ఉత్తరం చదివి ఉల్లిపాయల బస్తా మీద కూర్చుండిపోయాను. గదికి వెళ్ళి ఆయన చెయ్యి తీసుకున్నాను. ఎన్నాళ్ళుగానో తిట్టిన నోటితోనే అడిగాను.

"తాడు అందలేదా?"

కళ్ళు తెరిచాడు. నొక్కాడు. నొక్కిన వేలు తియ్యలేదు. నా అరచేతిలో గోరు దిగేదాకా అలాగే నొక్కి పట్టుకున్నాడు. ఆ చెయ్యి మొహానికి ఆనించుకుని ఎంత ఏడ్చానో. తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. తీసుకుంటే పోతాయా, అయినా చెప్పాను.

నెలాఖరు రోజు షెడ్డులో టీ ఇవ్వడానికి నన్నే పిలిచారు. పైవాళ్ళు వచ్చారు, మేస్త్రులందరినీ వెనక నిలబెట్టారు. కట్టుకున్నవాడికి ఏం కనిపిస్తుందో గోడ మీద మాకూ కనిపిస్తోంది. సేఫ్టీ ఆఫీసరు తానే చూపిస్తానని కట్టుకున్నాడు. మూలదాకా బాగానే వెళ్ళాడు. హుక్కు లాగింది. నవ్వాడు, ఏదో పొరపాటు అన్నాడు. వంగాడు, చెయ్యి చాపాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. అప్పుడు అతని చెయ్యి నడుం దగ్గరికి వెళ్ళింది. వెళ్తుంటే అందరం చూశాం. తీశాడు. పడ్డాడు. పెట్టె విప్పాక మొహంలో నెత్తురుచుక్క లేదు. నేను టీ ఇస్తే గ్లాసు అందుకోకుండా నడుం తడుముకున్నాడు. ఏం చెప్పను, ఆ ఒక్క నిమిషం అతని మీద నాకు జాలేసింది.

మిగతా వాళ్ళని కట్టుకోమంటే ఎవరూ ముందుకు రాలేదు. వెనక నుంచి రాడ్ల మేస్త్రి నోరు విప్పాడు. "అక్కడ అందరం తీసేవాళ్ళమే. చెబితే పనిలోంచి తీసేస్తారని ఊరుకున్నాం."

ఇంతా జరిగాక మంచి జరిగిందని రాయాలని ఉంది. జరగలేదు చిన్నోడా. బొమ్మ సాక్ష్యం కాదన్నారు. తీసింది తీసినట్టే, తప్పు ఆయనదే అని సంతకాలు పెట్టేశారు. షెడ్డుకి తాళం వేశారు. నిన్ను తీసేశారని అక్కడే విన్నాను. వ్యాయామం చేయించే ఆవిడ ఆ రోజుతో ఆగిపోయింది. ఆవిడ ఎలా చేయించేదో చూసి చూసి నాకు వచ్చేసింది, ఇక్కడ నేనే చేయిస్తున్నాను. సరిగ్గా చేస్తున్నానో లేదో చెప్పే దిక్కు లేదు. డాక్టరు గారు రోజూ మంచం పక్కనుంచే వెళ్తారు గానీ ఆగరు. ఆ వేలు కూడా పోతే ఏం చెయ్యాలన్న ఆలోచన వస్తే లేచి నీళ్ళు పట్టుకురావడానికి వెళ్ళిపోతాను.

ఒక్కటి మాత్రం జరిగింది. మర్నాడు ఒక్కరు కూడా పరంజా ఎక్కలేదు. మూల అవతలికి తాడు వేస్తే గానీ ఎక్కమని కింద కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనాలకి ముందే వేశారు. కొత్త తాడు, క్యాంటీన్ గుమ్మం లోంచి నాకు కనిపించింది.

మేం గది వదిలి ఈ ఆసుపత్రికి వచ్చిన రోజు ఆయన్ని వ్యానుదాకా మోసింది వాళ్ళే. దారిలో కాలువ తవ్వి చెక్క అడ్డం వేశారు. నలుగురూ మంచం ఎత్తుకుని దాని దగ్గర ఆగారు. ముందున్న రాడ్ల మేస్త్రి చెక్కని మడమతో తట్టాడు, రెండుసార్లు. వెనకవాళ్ళూ తట్టారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆయన మంచం మీద నుంచి అది విని నావైపు చూశాడు.

నువ్వు ఇంకా మొహం చాటేస్తున్నావు. ఉద్యోగం పోయింది కాబట్టి ఇప్పుడు పనుందని కూడా చెప్పలేవు. వచ్చెయ్యి. గుమ్మం దగ్గర పేరు చెప్పి పిలవకు, ఏడవకు. వార్డు చివర ఎడమవైపు మంచం మాది. తలుపు దగ్గర ఆగి, నేలని మడమతో రెండుసార్లు తట్టు. ఎవరొచ్చారో ఆయనకి నేను చెప్పను. చెయ్యి మాత్రం పట్టుకుని కూర్చుంటాను.

మీ వదిన